రెండో నంబరు అమ్మాయికి

అమ్మలూ,

నీ మెసేజ్ చదివాను. ఆఫీసు ట్రైనింగులో ఎనియాగ్రామ్ పరీక్ష పెట్టారనీ, నీకు రెండో రకం, అంటే సాయం చేసే మనిషి అని వచ్చిందనీ మురిసిపోయావు. అదే మెసేజ్ చివర్లో, ఫ్లాట్‌లో అందరికీ అన్నీ చేసిపెడుతున్నా నీ పుట్టినరోజు ఒక్కరికీ గుర్తులేదని ఏడుపు. ఈ రెండింటికీ చుట్టరికం ఉందని నీకు తట్టినట్టు లేదు.

జాతకాలంటే నవ్వే పిల్లవి, ఈ అంకెను ఇట్టే నమ్మేశావు. సైకాలజీ చదివినవాళ్ళలో చాలామంది దీన్ని శాస్త్రంగా ఒప్పుకోరు. అయినా అందులో నాకు నచ్చిన ముక్క ఒకటుంది. మనుషుల్ని తొమ్మిది రకాలుగా విడదీసే ఈ పద్ధతికి రూపమిచ్చింది బొలీవియాకు చెందిన ఆస్కార్ ఇచాజో, చిలీ డాక్టరు క్లాడియో నరాంజో. తర్వాత 1977లో డాన్ రిచర్డ్ రిసో అనే ఆయన ఒక్కో రకంలోనూ మళ్ళీ తొమ్మిది మెట్లున్నాయన్నాడు. పై మూడూ ఆరోగ్యంగా ఉన్నవి, నడిమి మూడూ మామూలువి, కింది మూడూ జబ్బుపడ్డవి. కాబట్టి నంబరు తెలిసి మురిసిపోతే సరిపోదు, ఇవాళ ఏ మెట్టు మీదున్నావో చూసుకోవాలి.

నీ రకం సంగతే చూడు. పైమెట్టు మీదున్న మనిషి చేస్తుంది, మరిచిపోతుంది. తనకూ అవసరాలున్నాయని ఒప్పుకుంటుంది. కాస్త దిగితే అడక్కపోయినా చేస్తుంది, రూమ్మేట్ ఇంకెవరితోనో సినిమాకెళ్తే ముఖం మాడ్చుకుంటుంది. ఆరో మెట్టుకొచ్చేసరికి ‘నేను లేకపోతే వీళ్ళ గతేంటి’ అన్న లెక్క మొదలు. ఇంకా దిగితే, ఎదుటివాళ్ళ చేత తప్పు చేశామనిపించి పనులు సాధించుకుంటుంది. అట్టడుగున జబ్బే ఆయుధం, మంచం పడితేనైనా అందరూ చుట్టూ చేరతారని. మన చుట్టాల్లో ఒకావిడ నీకు గుర్తొచ్చే ఉంటుంది. పేరు రాయను, ఈ ఉత్తరం మీ అమ్మా చదువుతుంది.

ఆవిడ దుర్మార్గురాలేం కాదు. రిసో, ఆయన సహరచయిత రస్ హడ్సన్ చెప్పేదేమిటంటే, దిగజారేకొద్దీ మనిషి తను దేనికి భయపడుతుందో దాన్నే పక్కవాళ్ళకి చేస్తుందట. నన్నెవరూ ప్రేమించరేమోనని వణికే మనిషే చివరికి ‘నీలాంటిదాన్ని ఎవరు దగ్గరికి తీస్తారే’ అని కూతురి మీద విరుచుకుపడుతుంది.

నువ్వు అంతదాకా పోలేదు. నీ రూమ్మేట్‌కి జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చున్నావు చూడు, అది పైమెట్టు. తగ్గాక ‘థాంక్స్ అన్న మాటైనా లేదు పెద్దమ్మా’ అన్నావు, అప్పటికి నాలుగు మెట్లు దిగావు. వారం తిరక్కుండానే రెండూ జరిగాయి.

చేయడం మానమని నేను చెప్పను. చేసే ముందు ‘కావాలా?’ అని ఒక్కసారి అడుగు. వద్దంటే నొచ్చుకోకు. ‘రేపు నా పుట్టినరోజు, కేక్ తెండి’ అని నోరు తెరిచి చెప్పు. ఆడపిల్ల అడిగితే ఆశపోతు అంటారని మన ఇళ్ళల్లో నూరిపోశారు గనక నీకది వంటకన్నా కష్టమే.

పండక్కి వస్తున్నావుగా, ఇక్కడే మొదలెడదాం. వంట నాది, నువ్వు గిన్నె కూడా ముట్టుకోవద్దు. ఏం తినాలనుందో ముందే ఫోన్ చేసి చెప్పు. ‘ఏదైనా పర్లేదు పెద్దమ్మా’ అన్నావంటే మూడు పూటలా కాకరకాయే వండుతాను.

మీ పెద్దమ్మ