గాజుగొట్టమును త్రుంచు ఆకురాయి

వాయువులను తయారుచేయు ప్రయోగములందు మనకు గాజుగొట్టములతో నిత్యము పని కలదు. పొడుగాటి గొట్టములను మనకు కావలసినంత మేరకు మనమే త్రుంచుకొనవలెను. ఇందులకు వాడు పనిముట్టు ముక్కోణపు ఆకురాయి. దీనితో గాజును ‘కోయుదు’మని వాడుకలో నందుము. నిజమునకు ఆకురాయి గాజును కోయదు. గీటు మాత్రమే పెట్టును. ఆ గీటువెంట గాజే పగులును. ఈ భేదము తెలియనందుననే చేతులు తెగుచున్నవి.

రాగితీగెను వంచినచో వంగును. చల్లని గాజు అట్లు సాగదు. దానియందు సన్నని గీటున్నచో, వంచినపుడు పుట్టు లాగుడు ఆ గీటు కొనయందే కూడుకొని, అచ్చటనే పగులు ఆరంభమగును. గాజు లెక్కప్రకార ముండవలసినంత బలముగా లేకుండుటకు అందలి సూక్ష్మమైన పగుళ్లే కారణమని ఎ. ఎ. గ్రిఫిత్ అను ఆంగ్ల ఇంజనీరు 1921లో ప్రకటించెను. అట్టి పగులును మనకు కావలసిన చోట నుంచుటయే ఆకురాయి చేయు పని.

పద్ధతి యిది. కంటికి రక్షణాద్దములు ధరించి, గొట్టమును బల్లపై నానించి, కొలిచిన చోట ఆకురాయి యంచును అడ్డముగా నుంచి, గట్టిగా నొత్తి, ఒక్కసారి ముందునకు త్రోయవలెను. రంపమువలె నాడింపరాదు, పలు గీట్లు పడినచో పగులు దారి తప్పును. గీటును నీటితో తడుపవలెను. నీరు పగులు కొనయందు గాజులోని బంధములను సడలించును. కావున తక్కువ బలము చాలును. పిమ్మట గొట్టమును మందపు గుడ్డతో పట్టుకొని, గీటును ఎదుటివైపునకు త్రిప్పి, బొటనవ్రేళ్లు రెంటిని సరిగా దానికి వెనుకవైపున చేర్చి, గొట్టమును ఇరుప్రక్కలకు లాగుచు మెల్లగా ముందునకు నొత్తవలెను. టిక్కుమని విరుగును. విరుగనిచో బలము హెచ్చింపక, గీటును మరల చూచుకొనవలెను.

ఒక సంవత్సరము మా తరగతి బాలుడొకడు గొట్టము విరుగక బిగించి నొక్కగా, అది ముక్కలై అరచేతిలో దిగెను. తొందరపాటు వానిదేయని మేము అందరి యెదుట మందలించితిమి. సాయంకాలము సామానులు సర్దుచు ఆ ఆకురాయిని చూచితిమి. పండ్లన్నియు అరిగి, అంచు నున్నబడి యుండెను. అట్టిదానితో ఎంత రుద్దినను మంచి గీటు పడదు. దానిని వాని చేతికిచ్చినవారము మేమే. మరునాడు అందరి యెదుటనే ఆ తప్పు నొప్పుకొంటిమి. నాటినుండి ముందుగా ఒక పాత గొట్టముపై గీచి చూచినగాని, ఏ ఆకురాయిని విద్యార్థుల కీయము.

ఇప్పుడు టంగ్‌స్టన్ కార్బైడు అంచుగల గాజుకత్తులును దొరకుచున్నవి. అవి ఉక్కుకంటె కఠినములు. పనిచేయు రీతి మాత్రమొక్కటియే.

విరిగిన యంచు కత్తివంటిది. దానిని బున్సెన్ దీపపు మంటలో త్రిప్పుచు నునుపగువరకు కాచి, బాగుగా చల్లారనిచ్చి ముట్టవలెను. వేడిగాజును చల్లనిగాజును చూపున కొక్కటియే యని మరువకుడు. గొట్టము విరుగకున్నచో చేతిబలమును నిందింపక, మొదట గీటును, ఆపై ఆకురాయిని పరీక్షింపుడు.