పరాయి లెక్కలు - మన డేటాబేసు

కంప్యూటరు తప్పు చెయ్యదని చాలామంది నమ్మకం. ఇచ్చిన లెక్కను అది సరిగ్గానే చేస్తుంది. కాని ఇచ్చిన అంకెలే తప్పయితే ఏం చేస్తుంది పాపం? అందుకే ఈ చిన్న వ్యాసంలో డేటాబేసు గుమ్మం దగ్గర జరిగే సంగతి చెప్పదలచుకున్నాను.

విశ్లేషణ కోసం కట్టిన డేటాబేసు ఒక గాదె లాంటిది. పది చోట్ల నుంచి వచ్చిన లెక్కల్ని అందులో పోసి మొత్తాలు, సగటులు తీస్తాం. ఆ పది చోట్లూ మన చెప్పుచేతల్లో ఉండవు. ఒకరు తేదీని 03/04 అని పంపుతారు. మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా? ఇంకొకరు చెప్పాపెట్టకుండా ఒక కాలమ్ తీసేస్తారు. మరొకచోట సర్వరు మధ్యలో ఆగిపోతుంది. మళ్ళీ అడిగితే వచ్చిన లెక్కలే రెండోసారి వస్తాయి.

వీటన్నిటిలోకీ ప్రమాదమైనది, నా దృష్టిలో, చప్పుడు చెయ్యకుండా జారిపోయే అంకె. 2020లో ఇంగ్లండులో ఇదే జరిగింది. లాబొరేటరీలు పంపిన కోవిడ్ ఫలితాల్ని అక్కడి ప్రజారోగ్య సంస్థ పాతరకం ఎక్సెల్ ఫైళ్ళలోకి ఎక్కించింది. ఆ రకం ఫైలులో 65,536 వరసలకు మించి పట్టవు. మిగిలినవి రాలిపోయాయి. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 కేసులు రోజువారీ లెక్కలో చేరలేదు. రోగులకు ఫలితం అందింది; కాని వాళ్ళతో కలిసి తిరిగినవాళ్ళను వెతికి హెచ్చరించడం ఆలస్యమైపోయింది.

దీనికి ఎదురు ఉదాహరణ ఓజోను పొరది. అంటార్కిటికా మీద ఓజోను బాగా తగ్గిపోతోందని ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞులు 1985లో ప్రకటించారు. నాసావారి నింబస్-7 ఉపగ్రహం కూడా ఆ తక్కువ అంకెలనే పంపుతూ వచ్చింది. 180 డాబ్సన్ యూనిట్లకు తగ్గిన వాటిని ప్రోగ్రాము అనుమానాస్పదంగా గుర్తించేది. కంప్యూటరు వాటిని పారేసిందని ఒక కథ ప్రచారంలో ఉంది గాని, అది నిజం కాదు. గుర్తు పెట్టి దాచింది. దాచబట్టే తర్వాత తీసి చూసి ఆ రంధ్రం ఎంత పెద్దదో తేల్చగలిగారు.

ఈ రెండింటినుంచీ నేర్చుకోవలసినవి ఇవి:

1. వచ్చిన ఫైలును వచ్చినట్టే, తేదీతో, పంపినవారి పేరుతో దాచాలి. దిద్దుబాట్లన్నీ నకలు మీదనే.

2. పంపినవి ఎన్ని, చేరినవి ఎన్ని అని ప్రతిసారీ సరిచూడాలి. తేడా వస్తే పని ఆపాలి.

3. అనుమానం వచ్చిన వరసను కారణం రాసి వేరే టేబుల్లో ఉంచాలి. తాలు అనుకున్నదాంట్లో గింజ ఉండవచ్చు!

4. ప్రతి వరసకీ ఒక గుర్తింపు సంఖ్య ఉండాలి. అప్పుడు అదే ఫైలు రెండుసార్లు వచ్చినా లెక్క రెట్టింపు కాదు.

5. అందని అంకె సున్నా కాదు. వాన పడలేదనడం వేరు, కొలత రాలేదనడం వేరు.

రేపు మనలో చాలామందిమి ఇలాంటి రిపోర్టులు తయారుచెయ్యవలసినవాళ్ళమే. "ఫలానా చోటునుంచి రెండు రోజుల లెక్కలు అందలేదు" అని అడుగున ఒక్క ముక్క రాయడానికి మొహమాటపడకండి. ఆ రిపోర్టు చూసి మందులో, మనుషుల్నో పంపేవారికి అన్నిటికంటే ముందు తెలియవలసింది ఆ ముక్కే.