అభిమానం: ఒకే మాట, మూడు భాషలు

ఖరగ్‌పూర్ పట్టణంలో ఇందా ఒక పేట. సాయంత్రం అక్కడి బజారుకు వెళ్తే బెంగాలీ, హిందీ, తెలుగు మూడూ చెవిన పడతాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో వర్క్‌షాపు పనికి శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చినవాళ్ల మునిమనవలు ఇప్పటికీ ఈ ఊళ్లో ఉన్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఒప్పుకున్నది వీళ్లవల్లే. మనలాంటి బదిలీ కుటుంబాలు మాత్రం మూడేళ్లో నాలుగేళ్లో ఉండి సామాను సర్దుకుంటాం.

మేము ఇందాలో ఉన్నప్పుడు తొమ్మిదో తరగతి తెలుగమ్మాయి ఒక చీటీ పట్టుకొచ్చింది. వాళ్ల నాన్నగారికి బదిలీ ఆర్డరు వచ్చి ఇరవై రోజులైనా ఆ సంగతి ప్రాణస్నేహితురాలికి చెప్పలేదట. ఆ బెంగాలీ అమ్మాయికి వేరేవాళ్ల ద్వారా తెలిసింది. మాటలు మానేసి, చివరికి ఒక్క వాక్యం రాసిచ్చింది. తెలుగులోకి మారిస్తే, "నీమీద నాకు అభిమానం కలిగింది" అని.

"అభిమానం ఉంటే మాట్లాడదేం టీచర్?" అని మా విద్యార్థిని. పక్కనున్న బీహారు అబ్బాయి, "నీకు పొగరని రాసింది" అన్నాడు.

పిల్లలూ, ఇద్దరూ వాళ్ల వాళ్ల భాషలో సరిగ్గానే చదివారు. 'అభిమానం' సంస్కృత పదం. 'మన్' అంటే తలచడం. తనను తాను గొప్పగా తలచుకోవడం అనే అర్థం హిందీలో నిలిచింది. అక్కడ అభిమాన్ అంటే గర్వం. తెలుగులో ఆత్మగౌరవం అయింది, అందుకే దుర్యోధనుణ్ణి అభిమానధనుడు అంటాం. ఆపైన ఇష్టం కూడా అయింది. సినిమా హీరోల అభిమాన సంఘాలు మీకు తెలిసినవే! బెంగాలీలో 'ఓభిమాన్' అంటే మనసుకు దగ్గరైనవాళ్లు నొప్పిస్తే కలిగే బాధ. ముక్కూ మొహం తెలియనివాళ్లమీద అది రాదు. మన 'అలక' దానికి దగ్గరి మాట. సత్యభామ అలిగింది కృష్ణుడిమీదే కదా. 1973లో 'అభిమాన్' అనే హిందీ సినిమా తీసిన హృషీకేశ్ ముఖర్జీ బెంగాలీ. ఆ పేరులో రెండు అర్థాలూ ఉన్నాయని మాకు అనిపిస్తుంది.

పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో ఈ మూడూ కలిసే ఉంటాయి. అలక వస్తుంది, పొగరులా కనిపిస్తుంది, లోపల ఉన్నది ఇష్టం. బదిలీ పిల్లల్లో ఇంకొకటి చాలా ఊళ్లలో చూశాం. వెళ్లేముందు నెలరోజులు స్నేహితులతో ఊరికే తగవు పెట్టుకుంటారు, లేదా ముభావంగా ఉంటారు. అలా చేస్తే వెళ్లేటప్పుడు బాధ తక్కువని లెక్క. ఆ లెక్క వెళ్లేవాళ్లకు పనికొస్తుందేమో గాని, ఉండిపోయేవాళ్లకు ఏమీ మిగల్చదు. బదిలీ కబురు తెలిసిన రోజే చెబితే ఇరవై రోజులు ఇద్దరివీ అవుతాయి.

ఆ సాయంత్రమే మా విద్యార్థిని స్నేహితురాలింటికి వెళ్లింది. మొదటి అరగంట వాళ్లమ్మగారే మాట్లాడారట.

ఇలాంటి మాటలు ఇంకా ఉన్నాయి. బెంగాలీలో 'కొథా' అంటే మాట, మనకు 'కథ' వేరు. మీరున్న ఊరి భాషలో ఇలాంటివి దొరికితే, ఎవరినోట విన్నారో కూడా రాసి మాకు పంపండి.