సెల్లార్ గోడ వెనక నీళ్లు

అల్లుడూ,

మార్కాపురంలో నీకు సెల్లార్ పని కుదిరిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "ఈ కరువు నేలలో నీళ్లెక్కడివి, వాటర్‌ప్రూఫింగ్ ఖర్చు తీసెయ్" అంటున్నాడట ఇంటాయన. తల ఊపబోకు. ఎంత లోతు బోరు దింపినా చుక్క పడని చోటనే, తుపాను వాన రెండు రోజులు పట్టిందంటే సెల్లార్‌లో మడమ లోతు నిలుస్తుంది. గోడ కట్టాక చుట్టూ పూడ్చిన వదులు మట్టిలోకి దిగిన వాన అది, పోయే దారి లేక గోడకు ఆనుకుంటుంది. నల్లరేగడైతే ఇంకా కష్టం. ఎండాకాలంలో విచ్చిన బీటల గుండా నీళ్లు నేరుగా పునాది దాకా దిగుతాయి, తర్వాత ఆ మట్టే ఉబ్బి గోడను నెడుతుంది.

మూడు మీటర్ల ఎత్తున నీరు నిలిస్తే అడుగున చదరపు మీటరుకు మూడు టన్నుల ఒత్తిడి. లోపలి వైపు పూసిన పూతను ఆ ఒత్తిడి వెనక నుంచి తోసి, పొక్కులు లేపి ఊడగొడుతుంది. బయటి వైపు పూస్తే అదే ఒత్తిడి పూతను గోడకు అదుముతుంది. గోడ లేచాక, మట్టి పూడ్చక ముందు దొరికే ఆ నాలుగు రోజులే నీవి. పూడ్చేశాక ఎంత డబ్బు పోసినా అవి తిరిగి రావు.

కారడం ఎక్కువగా గోడ నడుమ ఉండదు, అతుకుల్లో ఉంటుంది. అడుగు రాఫ్టు మీద గోడ లేచే చోట వాటర్‌స్టాప్ పట్టీ పెట్టు. ఆ మూలను గుండ్రంగా మెత్తాకే పూత వెయ్యి. సెంట్రింగ్ బోల్టుల బొక్కలు ఒక్కోటీ నువ్వే చూసి మూయించు, కూలీలకు వదలకు.

ఇక కాంక్రీటు కలిపే నీళ్ల మాట. మన వైపు అందరి నోటా ఫ్లోరైడే. కానీ చువ్వలకు శత్రువు క్లోరైడ్. ఐఎస్ 456 ప్రకారం చువ్వలు వేసే కాంక్రీటుకు వాడే నీళ్లలో అది లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ట్యాంకరు నీళ్లైనా పరీక్ష చేయించు.

పూత ఒక్కదాన్నే నమ్ముకోకు, నీళ్లకు పోయే దారీ చూపు. కంభం చెరువు చూశావుగా. రాయలవారి రాణి వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకునే ఆ కట్ట, రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా దాదాపు 57 అడుగుల ఎత్తున నిలిచింది. దానికీ తూములున్నాయి, అలుగుంది. నీ గోడ వెనకా పునాది మట్టంలో తూట్ల పైపు వేసి, చుట్టూ కంకర పోసి, మన్ను చొరకుండా జియోటెక్స్‌టైల్ గుడ్డ చుట్టు. పైన నేల వాటం ఇంటి నుంచి బయటికి ఉండాలి. మార్కాపురం చదును నేల కదా, పైపు నీళ్లు పోవడానికి పల్లం దొరక్కపోతే గుంత తీసి మోటారు పెట్టాలి. కరెంటు పోయే రాత్రే వాన కురుస్తుంది, ఇన్వర్టరు లెక్కలో వేసుకో.

పైన ఇటుక గోడలకు చెమ్మ ఎక్కకుండా ఇంగ్లండులో పందొమ్మిదో శతాబ్దంలో రెండు వరుసల పలకరాయి, అతుకు మీద అతుకు పడకుండా, సిమెంటులో పరిచేవాళ్లు. దేశదేశాలకు రాతపలకలు పంపిన మార్కాపురంలో ఆ పని చేసిన మేస్త్రీని నేను చూడలేదు. నువ్వు చేసి చూడు, ముక్కపలకలకు కొరతా?

ఇంటాయన ఇంకా ఖర్చు అంటే సెల్లార్ మానుకుని ఇంటి నేల మట్టం రెండడుగులు ఎత్తు కట్టుకోమను. పూడ్చే ముందు నాకు ఫోన్ చెయ్యి, గిద్దలూరు నుంచి పొద్దున బస్సుకే వస్తాను.

మీ మామ