పాతబస్తీ వైండర్‌కి ట్రామ్ షెడ్డు పాఠాలు

కాలిన మోటారు షాపుకి రాగానే తొందరపాటు కుర్రాడు వైండింగ్ కోసేసి రాగిని తూకానికి వేస్తాడు. ఉస్తాద్ అలా చేయడు. స్లాట్లు ఎన్ని, కాయిల్‌కి చుట్లు ఎన్ని, తీగ గేజ్ ఎంత, పిచ్ ఎంత, కనెక్షన్ స్టారా డెల్టానా అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాకే కోతకు దిగుతాడు. అఫ్జల్‌గంజ్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా వైండింగ్ షాపుల్లో కూర్చునే కుర్రవాళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ ఆ నోటుబుక్కు ఎప్పుడూ ఉస్తాద్ దగ్గరే ఉండిపోతుంది. పదేళ్లు పనిచేసి బయటికొచ్చిన కారీగర్ చేతిలో తాను ఏం చేశాడో చూపించే కాగితం ఒక్కటీ ఉండదు.

పాత ట్రామ్ కార్లను బాగుచేసే వాలంటీర్లు ఇలా రికార్డు రాసుకునే విషయంలో చాలా గట్టివాళ్లు. 1939లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో కొందరు ట్రామ్ ప్రియులు, తుక్కు కింద పోవాల్సిన 31వ నంబరు కారును బిడ్డెఫోర్డ్-సాకో లైను నుంచి కొనుక్కున్నారు. ఇప్పటి సీషోర్ ట్రాలీ మ్యూజియం అలా పుట్టింది. ఇంగ్లండులో డెర్బీషైర్ కొండల్లోని క్రిచ్ ఊళ్లో, పాత రాతి క్వారీని తీసుకుని 1959 నుంచి పని మొదలుపెట్టినవాళ్లు 1964కల్లా కరెంటు ట్రామ్‌ని నడిపించారు. కాలిఫోర్నియాలో 1946లో పెట్టిన బే ఏరియా ఎలక్ట్రిక్ రైల్‌రోడ్ అసోసియేషన్‌దే వెస్టర్న్ రైల్వే మ్యూజియం. ఫ్రీమాంట్, శాన్ హోసేలలో ఉన్న మనవాళ్లు పొద్దున కారులో వెళ్లి రాత్రికి తిరిగి రాగల దూరం.

మన ఊళ్లో కరెంటు ట్రామ్ నడవలేదు. మద్రాసులో 1895 నుంచి 1953 దాకా నడిచింది, కలకత్తాలో 1902లో వచ్చింది. మనకున్నవి వేరు: నిజాం రైల్వే 1932లో 27 ఆల్బియన్ బస్సులతో మొదలుపెట్టిన సర్వీసు, జూపార్కు నుంచి సికింద్రాబాద్ వెళ్లిన 7జెడ్ డబుల్ డెక్కర్, చౌమహల్లా ప్యాలెస్‌లో నిలబెట్టిన నిజాముల రోల్స్ రాయిస్, ఫలక్‌నుమా స్టేషన్‌కి వచ్చే ఎంఎంటీఎస్. కాబట్టి పాతబస్తీలో ట్రామ్ షెడ్డు తెరుస్తారని ఎదురుచూడొద్దు. ఆ షెడ్డులో పని చేసే పద్ధతిని మీ బల్ల మీదికి తెచ్చుకోండి.

మీ చేతిపని అనుకున్నంత చిన్నది కూడా కాదు. పాత ట్రామ్ కింద సాధారణంగా ఉండేది 600 వోల్టుల డీసీ సిరీస్ మోటారు. ఇంట్లో మిక్సీలో ఉండేదీ సిరీస్ మోటారే. సైజులోనూ కరెంటులోనూ తేడా తప్ప ఆర్మేచర్, కమ్యుటేటర్, కార్బన్ బ్రష్ అన్నీ ఒకే కులం. మిక్సీ ఆర్మేచర్ చుట్టగలిగినవాడికి ట్రామ్ ఆర్మేచర్ చూడగానే భాష అర్థమవుతుంది. కమ్యుటేటర్‌లో రాగి పలకల మధ్య అభ్రకం ఉంటుంది. రాగి అరిగినంత వేగంగా అభ్రకం అరగదు, అంచు పైకి తేలుతుంది, బ్రష్ ఎగిరి నిప్పురవ్వలు రాలుస్తుంది. అప్పుడు లేత్ మీద తిప్పి సమం చేసి, అభ్రకాన్ని రాగి కంటే కాస్త లోతుకి కోయాలి. (వందేళ్ల కిందటి మోటార్లలో మన గూడూరు గనుల అభ్రకం ఉన్నా ఆశ్చర్యపోను.) ఇంకో సంగతి మర్చిపోవద్దు. ఇంత పెద్ద సిరీస్ మోటారుకి లోడ్ లేకుండా పూర్తి వోల్టేజీ ఇస్తే వేగం అదుపు తప్పుతుంది, ఆర్మేచర్ ముక్కలవుతుంది. బెంచి మీద తక్కువ వోల్టేజీతోనే తిప్పి చూడాలి.

వాలంటీర్ల దగ్గర నేర్చుకోవాల్సింది వాళ్ల నెమ్మది. ఏదైనా విప్పే ముందు ఫొటో. ప్రతి తీగ చివరా చీటీ. బోల్టులు ఏ చోటువి ఆ సంచిలో. వార్నిష్‌కి ముందొకసారి, ఆరాక ఒకసారి మెగ్గర్ రీడింగ్. కొత్త భాగం చేస్తే దాని మీద తేదీ, తీసేసిన పాత భాగం పారేయకుండా అరలోకి. రోజూ గిరాకీతో నడిచే షాపులో ఇవన్నీ కుదరవని తెలుసు. వారానికి ఒక్క మోటారుకి చేయండి చాలు. ఫోన్‌లో ఫొటోలు, ఒక రూళ్ల పుస్తకం, ఉస్తాద్ సంతకం. ఏడాదికి యాభై పేజీలు పోగవుతాయి.

పాత బండి దేన్ని ముట్టుకున్నా రెండు ప్రమాదాలు గుర్తుంచుకోండి: పాత రంగులో సీసం, పాత ఇన్సులేషన్‌లో ఆస్బెస్టాస్. వాటిని కంప్రెసర్ గాలితో ఊదొద్దు, పొడి ఇసుకకాగితంతో గీకొద్దు. ముఖానికి రుమాలు కట్టుకోవడం రక్షణ కాదు. ఆస్బెస్టాస్ అనుమానం వస్తే పని ఆపేయండి, అంతే.

మూడో ప్రమాదం బజారులో ఉంటుంది. జుమేరాత్ బజార్‌లో పాత ఇత్తడి, రాగి సామాను చూస్తే చేయి ఆగదు. కానీ రైల్వే ముద్ర ఉన్న ముక్క ఎంత చవకగా దొరికినా, వేలం రశీదు లేకుండా కొనొద్దు. రైల్వే ఆస్తి అక్రమ స్వాధీన చట్టం, 1966 కింద దొంగ సొత్తని అనుమానం వస్తే న్యాయంగా వచ్చిందని చూపించుకోవాల్సింది మీరే. మొదటి నేరానికే ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. పోలీసు కేసు ఉన్నవాడికి సర్కారు కొలువు దగ్గర ఎదురయ్యే చిక్కులు మీకు తెలియనివి కావు.

ఇక ఉద్యోగం మాట. దక్షిణ మధ్య రైల్వే అప్రెంటిస్ ఎంపికలో పదో తరగతి, ఐటీఐ మార్కులే చూస్తారు. మీ రూళ్ల పుస్తకాన్ని ఎవరూ తెరవరు. పుస్తకం రాస్తే రైల్వేలో పని దొరుకుతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. అప్రెంటిస్ పూర్తి చేసినవాళ్లకి లెవెల్-1 పోస్టుల్లో 20 శాతం కేటాయింపు ఉంది కాబట్టి, ఐటీఐ ఉండి 24 ఏళ్లు దాటనివాళ్లు ముందు ఆ దరఖాస్తు పెట్టుకోండి. షాపులోనే పని నేర్చుకుని ఐటీఐ లేనివాళ్లు, అనుభవం మీద ప్రైవేటు అభ్యర్థిగా ట్రేడ్ పరీక్ష రాసే దారి గురించి మల్లేపల్లి ఐటీఐలో అడిగి తెలుసుకోండి. అక్కడ అనుభవానికి రుజువు అడిగితే ఈ పుస్తకం, ఉస్తాద్ రాసిచ్చే ఉత్తరం అక్కరకొస్తాయి. లిఫ్టు కంపెనీలు, ఎలక్ట్రిక్ బస్సు డిపోల కాంట్రాక్టర్లు, ఫ్యాక్టరీ మెయింటెనెన్స్ విభాగాల ఇంటర్వ్యూలోనూ దీన్ని బల్ల మీద పెట్టొచ్చు.

ఉచితంగా పని చేసే విషయంలో కాస్త కటువుగానే చెబుతాను. క్రిచ్‌లో వాలంటీరు చేసిన పని మ్యూజియంలోనే ఉంటుంది, జనం చూస్తారు. పాత కార్లు కొని, బాగుచేయించి, లక్షలకి అమ్ముకునే గ్యారేజీ యజమాని "నేర్చుకో బేటా" అని ఆరు నెలలు జీతం లేకుండా పెట్టుకుంటే అది సేవ కాదు, మజూరీ ఎగ్గొట్టడం. లాభం ఎవరి జేబులోకి వెళ్తుందో ముందే అడగండి. మ్యూజియమో ట్రస్టో అయితే ఆదివారాలు ఇవ్వండి. అక్కడా దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ఎవరిదో తెలుసుకున్నాకే. వెళ్లిన కొత్తలో నేల ఊడ్పించడం లాంటివి మామూలే, దానికి చిన్నబుచ్చుకోవద్దు.

అలాంటి చోటికి ఉత్తరం రాసేటప్పుడు "నాకు పాత బండ్లంటే ఇష్టం" అని మొదలుపెట్టొద్దు. ఆ మాట అందరూ రాస్తారు. ఇలా రాయండి: "మిక్సీ, డ్రిల్లు ఆర్మేచర్లు నాలుగేళ్లుగా చుడుతున్నాను. కమ్యుటేటర్ అండర్‌కట్ చేయగలను. మెగ్గర్ రీడింగులతో సహా పన్నెండు మోటార్ల రికార్డు జతచేస్తున్నాను. ఆదివారం పొద్దున తొమ్మిది నుంచి రెండింటి దాకా రాగలను." నాలుగేళ్లు కాకపోతే రెండే రాయండి, పన్నెండు లేకపోతే ఐదే. ఎందుకంటే మొదటి రోజే ఒక ఆర్మేచర్ చేతికిచ్చి చూడొచ్చు.