విండోస్ మళ్ళీ వేసిన తరువాత పాల పరీక్ష యంత్రం పలకకపోతే



చెయ్యి మారితే గేదె చేపదని మనకందరికీ తెలిసిన విషయమే. రోజూ పితికే ఇల్లాలు ఊరికి వెళ్ళి, కొత్త చెయ్యి పొదుగు మీద పడితే గేదె పాలు బిగబట్టుకొని నిలబడుతుంది. పొదుగులో పాలు లేకపోలేదు, గేదెకు జబ్బూ లేదు. తెలిసిన చెయ్యి లేదు, అంతే.

మన సంఘంలోని కంప్యూటరు విషయంలోనూ ఇదే జరుగుతూ ఉంటుంది. కంప్యూటరు నెమ్మదించిందనో, వైరస్ పట్టిందనో లోపలి విండోస్‌ను తుడిచి మళ్ళీ వేయిస్తాము. విండోస్ చక్కగా తెరుచుకుంటుంది. కాని పాల పరీక్ష యంత్రం నుండి వెన్న శాతం తెర మీదికి రాదు, తూకం రాదు, చీటీ అచ్చు కాదు. యంత్రాలు పాడైపోయాయని కంగారు పడతాము. చాలాసార్లు ఏ యంత్రమూ పాడు కాదు. పోయినది డ్రైవరు ఒక్కటే.

విండోస్ 10కు తయారీ సంస్థ ఇచ్చే ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అందువల్ల చాలా చోట్ల కంప్యూటర్లలో విండోస్ మార్పించుకుంటున్నారు. కాబట్టి ఈ సంచికలో ఈ విషయాన్ని పాఠంగా ఇస్తున్నాము. ఇది కార్యదర్శికీ, టెస్టరుకూ మాత్రమే ఉద్దేశించినది కాదు. పాలు పోసే ప్రతి సభ్యుడూ, సభ్యురాలూ తెలుసుకొని ఉండవలసినది.

డ్రైవరు అంటే ఏమిటి?

ఇక్కడ డ్రైవరు అంటే ట్రాక్టరు నడిపే మనిషి కాదు. కంప్యూటరుకూ, దానికి తగిలించిన యంత్రానికీ మధ్య దుబాసీ వంటి చిన్న ప్రోగ్రాము. తూకం యంత్రానిది ఒక భాష, ప్రింటరుది ఇంకొక భాష. విండోస్‌కు అన్ని భాషలూ పుట్టుకతో రావు. కీబోర్డు, మౌసు వంటి సామాన్యమైన వాటికి కావలసినవి విండోస్‌తోనే వస్తాయి. మిగిలిన వాటిలో కొన్నింటికి విడిగా తెచ్చి వేయవలసి ఉంటుంది. విండోస్‌ను తుడిచి మళ్ళీ వేసినప్పుడు పాత దుబాసీలందరూ వెళ్ళిపోతారు.

ఒక సంఘంలో జరిగినది

మా దృష్టికి వచ్చిన ఒక సంఘం సంగతి చెబుతాము. ఊరి పేరు అవసరం లేదు. పగటిపూట కంప్యూటరులో విండోస్ మళ్ళీ వేయించారు. సాయంత్రం పాల వేళకు పరీక్ష యంత్రం తన తెర మీద వెన్న శాతం చూపుతున్నది గాని, ఆ అంకె కంప్యూటరులోకి వెళ్ళడం లేదు. వరుసలో జనం నిలబడి ఉన్నారు. చేసేది లేక మూడు పూటలు అంకెలను చేత్తో కొట్టారు. ఒక సభ్యురాలి పాలకు యంత్రం 7.6 చూపితే చీటీలో 6.7 పడింది. ఆమె యంత్రం తెరనూ చీటీనీ రెండింటినీ చూసే అలవాటు గల మనిషి కాబట్టి పట్టుకున్నది.

ఇది చిన్న పొరపాటు కాదు. ఆమె పోసినవి 5 కిలోల పాలు అనుకుందాము. 0.9 శాతం తేడా అంటే 45 గ్రాముల వెన్న. కిలో వెన్నకు 800 రూపాయలు లెక్క వేస్తే ఒక్క పూటకు 36 రూపాయలు. పట్టుకోకపోతే ఆ సొమ్ము పోయినట్లే.

ఇంతలో చూడవచ్చిన మరమ్మతు మనిషి, యంత్రంలో బోర్డు పోయింది, కొత్తది వేయాలి అన్నాడు. పాలకవర్గం తొందరపడలేదు. మరొకరిని పిలిచి చూపించింది. బోర్డుకు ఏమీ కాలేదు. యంత్రాన్ని కంప్యూటరుకు కలిపే కేబుల్ డ్రైవరు లేదు. అది వేశాక కూడా అంకె రాలేదు, ఎందుకంటే పోర్టు నంబరు మారింది. నంబరు సరిచేయగానే యంత్రం పలికింది. కొత్త సామాను ఏదీ కొనవలసిన పని లేకపోయింది.

విండోస్ తుడిచే ముందు చేయవలసినవి

1. అన్నిటికంటే ముందు సంఘం లెక్కలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొనవలెను. సభ్యుల ఖాతాలు, ఇంకా చెల్లించని బిల్లుల లెక్క అందులో ఉంటాయి. డ్రైవరు పోతే మళ్ళీ దొరుకుతుంది. లెక్క పోతే దొరకదు.

2. పాత డ్రైవర్లను దాచుకొనవలెను. సి డ్రైవులో విండోస్, దానిలో సిస్టమ్32, దానిలో డ్రైవర్‌స్టోర్, దానిలో ఫైల్‌రిపాజిటరీ అనే ఫోల్డరు ఉంటుంది. దానిని మొత్తంగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటే పాత దుబాసీలందరినీ వెంట తెచ్చుకున్నట్లే.

3. పాల సేకరణ ప్రోగ్రాములో తూకానికి ఏ పోర్టు, పరీక్ష యంత్రానికి ఏ పోర్టు, ఎంత వేగం పెట్టి ఉన్నదో చూసి కాగితం మీద వ్రాసుకొనవలెను. ఫోనుతో తెరను ఫొటో తీసినా సరిపోతుంది.

4. ఏ కేబుల్ ఏ సాకెట్టులో ఉన్నదో రంగు చుక్క పెట్టి గుర్తు పెట్టుకొనవలెను.

5. ఈ పని ఉదయం పాలు పంపిన తరువాత మొదలుపెట్టి సాయంత్రం వేళకు ముగించుకొనేలా చూసుకొనవలెను.

ఇవేవీ చేయకుండానే విండోస్ వేయించిన సంఘాలు కూడా నిరాశ పడనవసరం లేదు. డిస్కును ఫార్మాట్ చేయకుండా వేసి ఉంటే, సి డ్రైవులో విండోస్.ఓల్డ్ అనే ఫోల్డరు ఉండవచ్చు. పాత డ్రైవర్లు అందులో ఉంటాయి. సుమారు పది రోజులలో అది దానంతట అదే తొలగిపోతుంది కాబట్టి వెంటనే కాపీ తీసుకొనవలెను.

ఏది తప్పిపోయిందో కనుక్కోవడం

స్టార్ట్ గుర్తు మీద మౌసు కుడి బొత్తం నొక్కితే వచ్చే జాబితాలో డివైస్ మేనేజర్ అని ఉంటుంది. దానిని తెరిస్తే కంప్యూటరులోని, కంప్యూటరుకు తగిలించిన భాగాలన్నీ కనబడతాయి. డ్రైవరు లేని భాగం పక్కన పసుపు పచ్చని గుర్తు ఉంటుంది. సాధారణంగా అవన్నీ అదర్ డివైసెస్ అనే శీర్షిక కింద చేరి ఉంటాయి. గుర్తున్న భాగాన్ని రెండుసార్లు నొక్కితే కారణం తెలుస్తుంది. అక్కడ కోడ్ 28 అని ఉంటే డ్రైవరు వేయలేదని అర్థం.

కొన్నింటికి పేరు కూడా ఉండదు, అన్‌నోన్ డివైస్ అని మాత్రమే ఉంటుంది. అప్పుడు ఏమి చేయాలి? మన గేదెల చెవులకు 12 అంకెల పచ్చ పోగు వేస్తున్నారు కదా. గేదె ఎవరిదో తెలియకపోయినా పోగు నంబరు చూస్తే తెలుస్తుంది. కంప్యూటరు భాగాలకూ అలాంటి నంబరు ఉన్నది. ఆ భాగం మీద కుడి బొత్తం నొక్కి, ప్రాపర్టీస్, అందులో డీటెయిల్స్, అందులో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకుంటే ఆ నంబరు కనబడుతుంది. అందులో మొదటి భాగం తయారుచేసిన సంస్థది, రెండవది ఆ వస్తువుది. 8086 అని ఉంటే ఇంటెల్ వారిది. 0403, 6001 అని ఉంటే ఎఫ్.టి.డి.ఐ. వారి యు.ఎస్.బి. సీరియల్ చిప్పు. 067బి, 2303 అని ఉంటే ప్రొలిఫిక్ వారిది. ఈ నంబరును తప్పు లేకుండా వ్రాసుకుంటే సగం పని అయినట్లే.

పాత పరీక్ష యంత్రాలలో చాలావాటికి 9 పిన్నుల సీరియల్ కేబుల్ ఉంటుంది. కొత్త కంప్యూటర్లలో చాలావాటికి ఆ సాకెట్టు లేదు. కాబట్టి మధ్యలో యు.ఎస్.బి. కన్వర్టరు పెడతారు. దాని లోపల పైన చెప్పిన చిప్పుల వంటిది ఒకటి ఉంటుంది. మన సంఘాలలో ముందుగా చూడవలసినది ఈ కన్వర్టరునే.

సరైన డ్రైవరు ఎక్కడ దొరుకుతుంది?

వరుస తప్పకుండా చేస్తే పని తేలిక. మొదట నెట్‌వర్క్ డ్రైవరు, తరువాత మదర్‌బోర్డు చిప్‌సెట్, తరువాత తెర, ఆ పైన సీరియల్ కన్వర్టరు, చివర ప్రింటరు. నెట్ వస్తే మిగిలినవి తెచ్చుకోవచ్చు కాబట్టి అది ముందు.

నెట్ డ్రైవరే లేకపోతే నెట్ ద్వారా డ్రైవరు తెచ్చేది ఎలా? ఆండ్రాయిడ్ ఫోనును ఛార్జింగ్ కేబుల్‌తో కంప్యూటరుకు కలిపి, ఫోనులో యు.ఎస్.బి. టెథరింగ్ పెడితే చాలావరకు నెట్ అందుతుంది. లేదా మరొక కంప్యూటరులో దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకొనవచ్చు.

నెట్ అందిన తరువాత విండోస్ అప్‌డేట్‌లో ఆప్షనల్ అప్‌డేట్స్ అనే చోట చూడవలెను. తప్పిపోయిన డ్రైవర్లు కొన్ని అక్కడే ఉంటాయి. అక్కడ లేకపోతే కంప్యూటరు తయారీదారు వద్ద, చిప్పు తయారీదారు వద్ద, లేదా పరీక్ష యంత్రం సరఫరా చేసినవారి వద్ద తీసుకొనవలెను. దాచుకున్న పాత డ్రైవర్లు ఉంటే, డివైస్ మేనేజర్‌లో అప్‌డేట్ డ్రైవర్ నొక్కి, కంప్యూటరులో వెతుకు అన్న రెండవ దారి ఎంచుకొని, పెన్‌డ్రైవ్‌లోని ఆ ఫోల్డరును చూపితే సరిపోతుంది. పాత విండోస్ 32 బిట్, కొత్తది 64 బిట్ అయితే మాత్రం పాత డ్రైవర్లు పనికిరావు. విండోస్ 11 64 బిట్ మాత్రమే.

అన్ని డ్రైవర్లూ ఒకేసారి ఉచితంగా వేస్తామని చెప్పే ముక్కూ మొహం తెలియని ప్రోగ్రాములను దించుకొనరాదు. వాటితోపాటు వైరస్ రావచ్చు. సంతలో పేరు లేని సీసాలో మందు కొని గేదెకు పట్టము కదా.

ప్రొలిఫిక్ పాత చిప్పుల విషయంలో ఒక మాట. వాటిలో కొన్నింటిని 2012 నుండే నిలిపివేశారు. కొత్త డ్రైవరు వాటిని ఒప్పుకోదు. డివైస్ మేనేజర్‌లో ఆ సంగతే వ్రాసి చూపుతుంది. అప్పుడు డ్రైవరు కోసం తిరగడం వృథా. కన్వర్టరు కేబుల్ ఒక్కటి మార్చుకుంటే చాలు, పరీక్ష యంత్రాన్ని మార్చనవసరం లేదు.

పోర్టు నంబరు మరువవద్దు

డ్రైవరు పడగానే డివైస్ మేనేజర్‌లో పోర్ట్స్ అనే శీర్షిక కింద కన్వర్టరు కనబడుతుంది. పక్కన కామ్ 3, కామ్ 5 వంటి నంబరు ఉంటుంది. పాల సేకరణ ప్రోగ్రాములో కూడా అదే నంబరు ఉండవలెను. అది కామ్ 3 వాకిట్లో ఎదురు చూస్తుంటే, యంత్రం కామ్ 5 వాకిట్లో పాలు పోస్తుంటే లెక్క కలవదు. ప్రోగ్రాములోనైనా మార్చవచ్చు, లేదా పోర్టు ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ అనే చోట నంబరునైనా మార్చవచ్చు. కన్వర్టరును వేరే సాకెట్టులో పెడితే నంబరు మళ్ళీ మారే అవకాశం ఉన్నది. అందుకే రంగు చుక్క పెట్టమన్నాము.

అన్నీ అయ్యాక ఒకే పాల నమూనాను రెండుసార్లు పెట్టి చూడవలెను. ప్రతిసారీ యంత్రం తెర మీది అంకె, కంప్యూటరు తెర మీది అంకె, చీటీలోని అంకె మూడూ ఒకటిగా ఉంటేనే సేకరణ మొదలుపెట్టవలెను.

అంతవరకు పాలు ఎలా తీసుకోవాలి?

కంప్యూటరు పలకడం లేదని ఏ సభ్యుని పాలూ తిప్పి పంపరాదు. పరీక్ష యంత్రం తన తెర మీద అంకె చూపుతున్నంతవరకు పరీక్షకు లోటు లేదు. ఒకరు అంకెను పైకి చదవవలెను, మరొకరు రిజిస్టరులో వ్రాయవలెను, సభ్యుడు చూడవలెను. చేతి చీటీ అప్పుడే ఇవ్వవలెను.

పరీక్ష యంత్రమే పనిచేయకపోతే గెర్బర్ పరీక్ష ఉండనే ఉన్నది. 10 మిల్లీలీటర్ల గంధకికామ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు ఎమైల్ ఆల్కహాలు. ఆమ్లంతో పని కాబట్టి శిక్షణ పొందిన టెస్టరు మాత్రమే చేయవలెను. బ్యుటిరోమీటరు గొట్టాలనూ, సెంట్రిఫ్యూజ్‌నూ అటక ఎక్కించవద్దని అందుకే చెబుతూ వస్తున్నాము.

పోయిన పక్షం సగటు వేద్దామనే ఆలోచన మాత్రం చేయరాదు. ఈత చివరిలో ఉన్న గేదె పాలు తగ్గి వెన్న పెరుగుతుంది. సగటు వేస్తే అలాంటి గేదె ఉన్న ఇంటికి నష్టం. ఒకరి వెన్న మరొకరి ఖాతాకు పోవడం సహకారం అనిపించుకోదు.

సభ్యులు అడగవలసినవి

విండోస్ మళ్ళీ వేయిస్తున్నామని పాలకవర్గం చెప్పినప్పుడు సభ్యులు మూడు మాటలు అడగవచ్చు. లెక్కలు వేరే చోట దాచారా? డ్రైవర్లు, పోర్టు నంబర్లు దాచారా? ఆ పూట చేతి రిజిస్టరు సిద్ధంగా ఉన్నదా? ఇవి అడగడం తప్పు పట్టడం కాదు. సంఘం మనది, కంప్యూటరు మన డబ్బుతో కొన్నది.

డ్రైవర్లు, లెక్కలు దాచిన పెన్‌డ్రైవ్‌నూ, పోర్టు నంబర్లు వ్రాసిన కాగితాన్నీ ఒక కవరులో పెట్టి సంఘం బీరువాలో ఉంచవలెను. కార్యదర్శి మారినప్పుడు తాళాలతో పాటు ఆ కవరును కూడా అప్పగించవలెను. ఈ పాఠాన్ని రాబోయే పాలకవర్గ సమావేశంలో చదివి వినిపించి, నోటీసు బోర్డు మీద అంటించవలసిందిగా సంఘాల కార్యదర్శులను కోరుతున్నాము.