చెవిలోని త్రాసు

ఇరువురు బాలికలు చేతులు పెనవైచుకొని ఒప్పులకుప్ప యాడుచు, గిరగిర తిరిగి చటాలున నిలిచిరనుకొనుడు. వారి కాళ్లు నిలిచినను, చుట్టునున్న గోడలును చెట్లును తిరుగుచున్నట్లే తోచును. ఇది కంటి దోషమని పలువురు తలంతురు. కాని దీనికి మూలము చెవిలో నున్నది.

చెవి వినుటకే కాదు, దేహమును తూచి నిలుపుటకును సాధనము. కణత యెముకలో లోతుగా, నత్తగుల్లవలె చుట్టుకొనిన వినికిడి భాగమునకు ప్రక్కనే, మూడు సన్నని అర్ధవృత్త నాళములు గలవు. గది మూలలో రెండు గోడలును నేలయు కలిసినట్లు అవి యొకదానికొకటి లంబముగా నమరియున్నవి. వానినిండ ద్రవము గలదు. తల తిరిగినపుడు నాళము దానితో పాటు తిరుగును. ద్రవము మాత్రము వెనుకబడును. ఆ యొత్తిడికి నాళపు మొదట నున్న సూక్ష్మరోమములు వంగి, నరము ద్వారా మెదడునకు వార్త పంపును. ఆట నిలిచిన పిదపను ద్రవము ముందునకు సాగుటచే, ఇంకను తిరుగుచున్నామని మెదడు భ్రమించును.

నాళముల చెంతనే రెండు చిన్న సంచులు గలవు. వానిలో సున్నపురాతి జాతికి చెందిన యతిసూక్ష్మ స్ఫటికములు జిగటపొరపై పరచియుండును. తల యే వైపునకు వంగినదో తెలుపునవి యివియే.

ఈ సంగతి లోకమునకు సులభముగా తెలియలేదు. పూర్వము తల తిరిగి పడినవానిని చూచి, మెదడున రక్తము పొంగినదని వైద్యులు తలచి నెత్తురు తీయించుచుండిరి. రోగి మరింత నీరసించుచుండెను. పారిస్ నగరమున బధిరుల విద్యాలయమునకు వైద్యుడైన ప్రాస్పర్ మెనియేర్ ఇట్టి రోగుల మాటలను ఓపికతో వినెను. తల తిరుగుటతో పాటు చెవిలో హోరును, చెవుడును వచ్చుచుండుట గమనించెను. చెవినాళములను కోసినచో పావురములు తూలునని ఫ్లూరాన్స్ అను శాస్త్రజ్ఞుడు అంతకుముందే చూపియుండెను. ఈ రెంటిని కలిపి యోచించి, రోగస్థానము మెదడు గాదు, చెవియే యని మెనియేర్ 1861లో వైద్యపరిషత్తు నెదుట ప్రకటించెను. పలువురు నమ్మలేదు. మరుసటి యేడే యాతడు మరణించెను. నేడా వ్యాధి యాతని పేరనే పిలువబడుచున్నది.

తరువాత వియన్నాలో రాబర్ట్ బరానీ యను వైద్యుడు రోగుల చెవులు కడుగుచు, చన్నీరు పోసినపుడు కన్నులొక వైపునకును, వేడినీరు పోసినపుడు ఎదురువైపునకును కదలుట కనిపెట్టెను. లోచెవి పరీక్షకు ఇదియే మార్గమయ్యెను. ఆతనికి 1914వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించెను. ఆ వార్త వెలువడునాటికి ఆతడు రష్యాలో యుద్ధఖైదీగా నుండెను!

ఒక్కొక్కప్పుడు సంచిలోని స్ఫటికములు జారి నాళమున పడును. అపుడు మంచముపై ప్రక్క తిరిగినంతనే గది గిరగిర తిరిగి, నిమిషములోపల నిలుచును. పెద్దవారిలో ఇది తరచు కానవచ్చును. తలను వరుసగా కొన్ని భంగిమలలో త్రిప్పి, ఆ స్ఫటికములను మరల సంచికి చేర్చు ఉపాయమును అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ కనుగొనెను. మందు లేదు, కత్తి లేదు. అందుచేతనే కాబోలు, తోటివైద్యులు మొదట నమ్మలేదు. 1992లో ఆతని వ్యాసము ప్రకటితమైన పిదప అది దేశదేశముల వ్యాపించెను.

కావున ఇంటిలో నాయనమ్మ మంచము దిగుటకు జంకినచో నవ్వరాదు. తల ఎప్పుడు తిరిగెను, ఎంతసేపు తిరిగెను, చెవిలో హోరు గలదా యని యడిగి వైద్యునికి తెలుపవలెను. మాట తడబడినను, చేయి చచ్చుబడినను అది మెదడు వ్యాధి కావచ్చును. క్షణమైన జాగు చేయక ఆసుపత్రికి కొనిపోవలెను. రోగి చెప్పినది శ్రద్ధగా వినుటయే చికిత్సకు తొలిమెట్టు. మెనియేర్ చేసిన పనియు అదియే.